తప్పుకు ఇంగ్లీషులో ఎన్ని పేర్లు

తప్పు, నేరం, ఉల్లంఘన అనే భావాలకు ఇంగ్లీషులో ఇన్ని మాటలు ఉండటానికి కారణం ఇంగ్లండ్ చరిత్రలోనే ఉంది. థెఫ్ట్, మర్డర్, సిన్, గిల్ట్ వంటివి ఆ దేశపు పాత వాడుక మాటలు కాగా, రాంగ్, లా అనేవి వైకింగులు మాట్లాడిన నార్స్ భాష నుంచి వచ్చి చేరాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించాక న్యాయస్థానాల్లో ఫ్రెంచి, లాటిన్ తిష్ఠ వేయడంతో క్రైమ్, అఫెన్స్, ఫెలనీ, ట్రెస్‌పాస్, టార్ట్ వంటి పదాలు వాటి పక్కన నిలిచాయి. కోర్టు వాదనలు ఇంగ్లీషులో సాగాలని 1362లోనే చట్టం చేసినా, న్యాయస్థానాల వ్యవహారాల నుంచి ఆ రెండు భాషలూ పూర్తిగా తొలగడానికి 1733 దాకా పట్టింది. ఒకే అర్థానికి మూడు నాలుగు మాటలు మిగిలిపోయిన ఈ పరిస్థితిని న్యాయవేత్తలు వృథా కానివ్వక, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క హద్దు గీశారు.

ఆ హద్దుల్లో మొదటిది, తప్పు ఎవరి పట్ల జరిగిందన్నది. దైవం పట్ల చేసిన అపరాధం సిన్. సమాజం మొత్తానికి చేసిన హానిగా ఎంచి ప్రభుత్వమే విచారణ జరిపించేది క్రైమ్. ఒక మనిషి హక్కుకు భంగం కలిగించి, నష్టపరిహారం చెల్లించవలసిన సివిల్ తప్పిదం టార్ట్. ఒప్పందంలో ఇచ్చిన మాట నిలబెట్టుకోకపోవడం బ్రీచ్. ఒకే చర్య క్రైమ్, టార్ట్ రెండింటి కిందా పడవచ్చు. భారతదేశంలో పరువునష్టం కలిగించిన వ్యక్తిపై క్రిమినల్ కేసు పెట్టవచ్చు, సివిల్ కోర్టులో పరిహారమూ కోరవచ్చు. ఇంగ్లండ్‌లో మాత్రం పార్లమెంటు 2009లో చేసిన చట్టంతో అది నేరాల జాబితా నుంచి తొలగి, పరిహారపు దావాగానే మిగిలింది.

రెండో హద్దు తప్పు తీవ్రతకు సంబంధించినది. ఇంగ్లండ్ న్యాయచరిత్రలో ఇంతకంటే కఠినమైన అధ్యాయాలు తక్కువే. ఫెలనీ అంటే మధ్యయుగాల్లో, నేరస్థుడి ప్రాణంతోపాటు అతని భూమినీ ఆస్తినీ పోగొట్టే ఘోరనేరం. అంతకంటే చిన్నది మిస్‌డిమీనర్. దొంగతనాన్ని సైతం సొత్తు విలువను బట్టి రెండుగా విడదీసి, పన్నెండు పెన్నీలు దాటితే పెద్ద దొంగతనంగా లెక్కించి, ఉరిశిక్షకు అర్హమైనదిగా చేశారు. శతాబ్దాలు గడిచి ధరలు ఎన్నో రెట్లు పెరిగినా ఆ హద్దు మాత్రం అక్కడే నిలిచిపోవడంతో, ఒక దుప్పటినో చొక్కానో దొంగిలించిన పేదవాడు ఉరికంబం ఎక్కవలసిన స్థితి ఏర్పడింది. అది చూసి సహించలేని జ్యూరీ సభ్యులు, అంతకంటే విలువైన సొత్తునైనా పది పెన్నీలదనో పదకొండు పెన్నీలదనో తెలిసి తెలిసి తేల్చి, ముద్దాయి ప్రాణం కాపాడేవారు. 18వ శతాబ్దపు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ దీన్ని దయతో ఆడిన అబద్ధంగా వర్ణించాడు. ప్రమాణం చేసి కూర్చున్న జ్యూరీ చేతనే అబద్ధమాడించిన చట్టం మంచి చట్టం కాదు. చిన్న, పెద్ద దొంగతనాల తేడా 1827లో, ఆస్తి జప్తు 1870లో, ఫెలనీ-మిస్‌డిమీనర్ల విభజన 1967లో రద్దయ్యాయి.

ఇంగ్లండ్ వదులుకున్న ఆ విభజన అమెరికాలో నేటికీ చెలామణిలో ఉంది. ఏడాదికి మించి జైలుశిక్ష పడగల నేరాన్ని అక్కడ సాధారణంగా ఫెలనీ అంటారు. అంతకు లోపుది మిస్‌డిమీనర్. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. రాష్ట్ర చట్టం మిస్‌డిమీనర్‌గా చూసే తప్పు సైతం ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో ‘అగ్రవేటెడ్ ఫెలనీ’ కావచ్చు. దొంగతనం కేసులో ఏడాది శిక్ష విధించి, దాని అమలును కోర్టు నిలిపివేసినా సరే, దేశం నుంచి పంపివేయడానికి అది కారణం కాగలదు. తప్పు ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుందని ఎవరు చెప్పినా, ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించకుండా సంతకం చేయడం ప్రమాదకరం.

మెకాలే నాయకత్వాన తొలి ముసాయిదా తయారై, 1860లో చట్టమైన భారత శిక్షాస్మృతి, ఫెలనీ వంటి పాత మాటల జోలికి పోకుండా అఫెన్స్ అనే ఒక్క పదాన్నే స్వీకరించి, మనిషి మనఃస్థితిని మూడో హద్దుగా నిలిపింది. వాస్తవం విషయంలో చిత్తశుద్ధితో పొరబడితే అది నేరం కాదు గానీ, చట్టం తెలియకపోవడం మాత్రం సాకుగా పనికిరాదు. మరణానికి కారణమైన చర్యను సైతం హత్యగా, శిక్షార్హమైన నరహత్యగా, నిర్లక్ష్యంగా విడదీసేది ప్రధానంగా ఈ మనఃస్థితే.

ఈ విభజన ఎంత బరువైనదో భోపాల్ కేసు చూపుతుంది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి వేళ యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ లీకై వేలాది మంది మరణించగా, కంపెనీ అధికారులపై 304వ సెక్షన్ రెండో భాగం కింద, అంటే మరణం సంభవించవచ్చని తెలిసీ చేసిన నరహత్యగా అభియోగం మోపారు. దానికి గరిష్ఠ శిక్ష పదేళ్లు. ఆ రాత్రి కర్మాగారం నడపడం వల్ల ప్రాణాలు పోతాయని నిందితులకు తెలుసునని చూపే ఆధారం లేదంటూ సుప్రీంకోర్టు 1996లో ఆ అభియోగాన్ని కొట్టివేసి, 304-ఏ కింద, అంటే నిర్లక్ష్యం వల్ల సంభవించిన మరణాలుగా ఎంచి, విచారణ జరపాలని ఆదేశించింది. దానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లే. 2010 జూన్ 7న భోపాల్ కోర్టు ఏడుగురికి ఆ రెండేళ్ల శిక్ష విధించి, అదే రోజు బెయిల్ మంజూరు చేసింది. 1996 నాటి తీర్పును తిరగదోడాలని సీబీఐ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011లో తోసిపుచ్చింది. అంతటి మారణకాండను ట్రాఫిక్ ప్రమాదానికి పెట్టే సెక్షన్ కిందనే విచారించవలసి రావడం బాధితులకు జరిగిన రెండో అన్యాయం.

భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్, నిర్లక్ష్యం వల్ల సంభవించే మరణానికి గరిష్ఠ శిక్షను ఐదేళ్లకు పెంచింది. ఇలాంటి కేసుల వార్తలు రాసేటప్పుడు ‘నేరం నమోదైంది’ అని ఊరుకోకుండా, ఏ సెక్షన్ కింద ఏ అభియోగం మోపారో, దానికి గరిష్ఠ శిక్ష ఎంతో తెలుగు పత్రికలు విధిగా ప్రచురించాలి.