సేఫ్టీ మీట లేని పిస్టల్

గ్లాక్ పిస్టల్ మొదటిసారి చేతికిస్తే మన పోలీసు కుర్రాళ్లు అడిగేది ఒకటే: "సార్, దీనికి సేఫ్టీ ఎక్కడుంది?"

వాళ్లను తప్పుపట్టలేం. ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా ఉన్నన్నాళ్లూ నా చేతుల్లో నలిగింది కూడా ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 9 ఎం.ఎం. పిస్టలే. బెల్జియం బ్రౌనింగ్‌కు అది నకలు. ఒళ్లంతా ఇనుము, వెనక పైకి కనబడే హ్యామర్, బొటనవేలికి అందేలా సేఫ్టీ మీట, మేగజైన్‌లో 13 తూటాలు. ఎన్‌ఎస్‌జీ కమాండోలు వాడే గ్లాక్‌లో ఆ హ్యామరూ లేదు, ఆ మీటా లేదు. మేగజైన్ తీసి తూస్తే సుమారు 625 గ్రాములే. చూడ్డానికి తిరునాళ్లలో కొన్న బొమ్మ తుపాకీలా ఉంటుంది.

దాన్ని చేసిన గాస్టన్ గ్లాక్ అంతకుముందు పిస్టల్ అన్నది చేసి ఎరుగడు. వియన్నా దగ్గర డాయిచ్ వాగ్రామ్‌లో 1963లో పెట్టిన ఆయన ఫ్యాక్టరీలో కర్టెన్ రాడ్లు తయారయ్యేవి. తర్వాత సైన్యానికి కత్తులు చేశాడు. 1980లో ఆస్ట్రియా సైన్యం రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి వాల్తర్ పి38లను మార్చాలనుకున్నప్పుడు, యాభై దాటిన ఈ మనిషి నేనూ ప్రయత్నిస్తానన్నాడు. పేరున్న పిస్టళ్లు కొని తెచ్చి విప్పి చూశాడు. తొలి నమూనాలను ఎడమచేత్తో కాల్చేవాడని చెబుతారు. అది చేతిలోనే పేలినా డ్రాయింగులు గీయడానికి కుడిచెయ్యి మిగలాలి కదా! 1981లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు, 1982లో సైన్యం ఆ పిస్టల్‌నే ఎంచుకుంది. ఆయనకది పదిహేడో పేటెంట్ కాబట్టి గ్లాక్ 17. మేగజైన్‌లో పట్టేవీ 17 తూటాలే కావడంతో పేరు అందుకే వచ్చిందనుకుంటారు చాలామంది.

గ్లాక్ ఫ్రేమ్ పాలిమర్ అనే గట్టి ప్లాస్టిక్‌ది, అందరూ ఆ ప్లాస్టిక్ గురించే మాట్లాడతారు. నిజానికి పాలిమర్ ఫ్రేమ్ పిస్టల్‌ను జర్మనీ హెక్లర్ అండ్ కాక్ కంపెనీ 1970లోనే తెచ్చింది. గ్లాక్ గొప్పతనమల్లా ట్రిగర్‌లో ఉంది. దాని మధ్యలో సన్నటి నాలుక లాంటి ముక్క ఉంటుంది. వేలు సరిగ్గా దానిమీద ఆనితేనే ట్రిగర్ వెనక్కి కదులుతుంది. లోపల మరో రెండు సేఫ్టీలు. లాగుతుంటే మూడూ వరసగా విడతాయి, వదిలితే మూడూ మళ్లీ పడతాయి.

ఇది అమెరికా పోలీసులకు భలే కుదిరింది. వాళ్లు తరతరాలుగా రివాల్వర్ మనుషులు. దానికీ మీట ఉండదు, తీయడం, లాగడం, అంతే. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. ఏజెంట్లలో ఎక్కువమంది దగ్గరున్నవి రివాల్వర్లే. ఆ తర్వాత పోలీసు శాఖలు పిస్టళ్ల వైపు మళ్లాయి. జార్జియా రాష్ట్రం స్మర్నాలో గ్లాక్ కంపెనీ అప్పటికే దుకాణం తెరిచి కూర్చుంది!

విమానాశ్రయం ఎక్స్‌రేకు ఈ పిస్టల్ దొరకదని అదే ఏడాది గగ్గోలు పుట్టింది. స్లైడూ బ్యారలూ ఉక్కువే, దొరక్కేం? అయినా 1990లో వచ్చిన 'డై హార్డ్ 2' దాన్ని ఏకంగా పింగాణీ పిస్టల్ చేసేసింది.

అసలు గొడవ వేరే. ట్రిగర్ లాగడానికి సుమారు రెండున్నర కిలోల బలం చాలు. వేలు ఊరికే ట్రిగర్ మీద పెట్టుకు తిరిగే వాడికి అది ప్రమాదం. న్యూయార్క్ పోలీసులు అయిదు కిలోలు దాటే బరువైన స్ప్రింగ్ పెట్టించుకున్నారు. నాకది నచ్చదు. అంత బిగువుగా లాగితే గురి పక్కకు పోతుంది. బిగించాల్సింది స్ప్రింగును కాదు, శిక్షణను.

శుభ్రం చేసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. గ్లాక్‌లో స్లైడ్ ఊడాలంటే ముందు ట్రిగర్ నొక్కాలి. ఛాంబర్‌లో తూటా మిగిలితే అది పేలుతుంది. అందుకే మేగజైన్ తీయించి, స్లైడ్ వెనక్కి లాగించి, ఛాంబర్‌లోకి కంటితో చూడమని, ఆపైన చిటికెనవేలితో తడమమని చెప్పేవాణ్ణి. కొందరు తొందరలో ముందు స్లైడ్ లాగి, తర్వాత మేగజైన్ తీస్తారు. స్లైడ్ ముందుకొచ్చేటప్పుడే మరో తూటా లోపలికి ఎక్కి కూర్చుంటుంది.