హాజరు మెషీన్‌కి సున్న మార్కులు

భిలాయి ఉక్కు కార్మికులకు కొత్త టెక్నాలజీ అంటే గిట్టదా? గేటు దగ్గర చూస్తే అవునంటారు, మిల్లు లోపల చూస్తే కాదంటారు.

“ఉద్యోగులు కొత్త టెక్నాలజీ అంటే ఎందుకు మొహం తిప్పుకుంటారు? గురువారానికి కవర్ స్టోరీ కావాలి” అన్నారు ఎడిటర్. తప్పు ఉద్యోగిదేనన్న తీర్పు ప్రశ్నలోనే ఉంది. నాకు అక్కడే పేచీ.

భిలాయి ఉక్కు కర్మాగారంలో 2024లో బయోమెట్రిక్ హాజరు పెడితే కార్మిక సంఘాలు ఎదురు తిరిగాయి. అదే ప్లాంటులో యూనివర్సల్ రైల్ మిల్లు 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా తీస్తుంది. పల్పిట్ అనే కంట్రోల్ గదిలో కూర్చుని, తెర మీద చూస్తూ ఎర్రటి ఉక్కును నడిపించే మనుషులకు గేటు దగ్గరి బుల్లి మెషీన్ ఎందుకు మింగుడు పడలేదు?

జవాబు వెతుకుతుంటే ఓ పాత ప్రశ్నపత్రం దొరికింది. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు అచ్చువేసినది. టొరంటోలోని ఐబీఎం ల్యాబ్‌లో 112 మంది ఉద్యోగుల మీదా, బోస్టన్‌లో 40 మంది ఎంబీఏ విద్యార్థుల మీదా పరీక్షించాడు. చివరికి మిగిలినవి 12 ప్రశ్నలు. ఆరు ఉపయోగం గురించి: నా పని త్వరగా తెములుతుందా, పనితనం మెరుగవుతుందా, ఇలా. ఆరు సులువు గురించి: నేర్చుకోవడం తేలికేనా, నేను చెప్పినట్టు వింటుందా, ఇలా. రెండింటిలో ఉపయోగానిదే పైచేయి అని తేలింది. పనికొచ్చేదైతే కాస్త కష్టపడైనా వాడతారు. పనికిరానిదాన్ని ఎంత సులువు చేసిపెట్టినా ముట్టరు.

ఆ కాగితాన్ని భిలాయి గేటు దగ్గర పెట్టి చూడండి. హాజరు మెషీన్‌కి సులువులో వంక పెట్టేదేమీ లేదు. ఉపయోగం దగ్గరే సున్న. గేటులో హాజరు పడిందని మిల్లులో పట్టా త్వరగా రాదు. లాభమంతా టైమ్ ఆఫీసుది. పైగా 2017 జనవరి నుంచి రావలసిన వేతన సవరణకు, ఈ ప్లాంటును నడిపే ప్రభుత్వ సంస్థ సెయిల్‌లో 2021 అక్టోబరులో గానీ ఒప్పందం కుదరలేదు. 39 నెలల ఎరియర్స్ పేచీ ఆ తర్వాతా తెగలేదు. నిమిషం ఆలస్యాన్ని పట్టే మెషీన్ వచ్చింది గానీ, 39 నెలల బకాయిని పట్టేది రాలేదు. ఇక సంఘాలది మొండితనమని ఎలా అంటాం?

అయితే డేవిస్ ప్రశ్నలకూ అందని సంగతి ఒకటుంది. 2014 జూన్ 12న ఇదే ప్లాంటులో విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు చనిపోయారు, వారిలో అధికారులూ ఉన్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టి కూసే మానిటర్‌ని చొక్కాకి తగిలించుకుంటే పని వేగమేమీ పెరగదు. అది కూసిందంటే ఉన్న పని కూడా వదిలి పరుగెత్తాలి. త్వరగా తెములుతుందా అన్న ప్రశ్నకు దానికీ సున్నే. అయినా అది వద్దన్న మాట నేనెక్కడా వినలేదు. ప్రాణం ఎవరిదో అందరికీ తెలుసు.

2003లో విశ్వనాథ్ వెంకటేశ్ అనే పరిశోధకుడు, డేవిస్ తదితరులు టెక్నాలజీ ఆమోదంపై కొత్త నమూనా తెచ్చి, వాడకం ఇష్టపూర్వకమా తప్పనిసరా అన్నదీ లెక్కలోకి తీసుకున్నారు. మంచిదే. జీతం కోస్తామంటే ఎవరైనా వేలు పెడతారు, దాన్ని ఆమోదమనలేం.



ట్రైనింగ్ క్లాసులు పెట్టేముందు మేనేజ్‌మెంట్లు డేవిస్ కాగితానికి 13వ ప్రశ్న చేర్చుకోవాలి: ఈ మెషీన్ రాసే లెక్క నేనూ చూడొచ్చా, ఓవర్‌టైమ్ తగాదా వస్తే అది నా తరఫునా సాక్ష్యం చెబుతుందా? దీనికి అవునని రాతపూర్వకంగా చెప్పగలిగితే సగం గొడవ గేటు బయటే తీరుతుంది.

బాక్స్: గనిలో మధ్యేమార్గం
బైలదిలా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండోల్ లైను మీద మన విశాఖకు వస్తుంది. ఆ బైలదిలా గనుల్లో యంత్రాలొచ్చి వేలమంది కాంట్రాక్టు కూలీలు రోడ్డున పడ్డారు. 1978 ఏప్రిల్‌లో పోలీసు కాల్పులూ జరిగాయి. భిలాయికి ఖనిజమిచ్చే దల్లీ-రాజ్‌హరాలోనూ యాంత్రీకరణ మాట లేవగానే, శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ వద్దని ఊరుకోలేదు. కూలీల పని నిలబెట్టే అర్ధ యాంత్రీకరణ ప్రతిపాదనను మేనేజ్‌మెంటు ముందుంచింది. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్య చేశారు.