యాత్ర బండిలో గ్యాస్ పొయ్యి: ఏ సిలిండర్ కొనాలి, ఎక్కడ వెలిగించాలి, ఎక్కడ నేరం?

2023 ఆగస్టు 26. తెల్లవారుజాము. మదురై స్టేషన్ యార్డులో నిలిపి ఉంచిన ఒక ప్రైవేటు టూరిస్ట్ బోగీలో మంటలు లేచి 9 మంది చనిపోయారు. వాళ్లంతా లఖ్‌నవూ నుంచి దక్షిణాది పుణ్యక్షేత్రాలు చూడటానికి బయల్దేరిన యాత్రికులు. బోగీలోకి నిబంధనలకు విరుద్ధంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండరే ప్రమాదానికి కారణమని దక్షిణ రైల్వే ప్రకటించింది. పొద్దున్నే టీ, కాఫీ కాచుకోవడానికి ఆ పొయ్యి వెలిగించినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి.

మన దగ్గరా ఈ అలవాటు తక్కువేమీ కాదు. శబరిమల సీజన్ మొదలైనా, కార్తీక మాసం వచ్చినా, వేసవి సెలవులు ఇచ్చినా టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, వెనక బియ్యం బస్తా పక్కన ఇంటి సిలిండర్ పెట్టుకుని బయల్దేరే కుటుంబాలు బోలెడు. ఈమధ్య పడకలు, వంటగది ఉన్న కారవాన్‌లు కూడా అద్దెకు దొరుకుతున్నాయి. ఆన్‌లైన్‌లో మడిచి పెట్టుకునే గ్యాస్ గ్రిల్స్, బ్రీఫ్‌కేసులా ఉండే పొయ్యిలు అమ్ముతున్నారు. దారిలో వండుకుని తినడంలో తప్పేమీ లేదు. బయట తిండి పడని పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే అది అవసరం కూడా. అయితే ఏ సిలిండర్ తీసుకెళ్తున్నాం, దాన్ని ఎక్కడ పెట్టి వెలిగిస్తున్నాం అన్న రెండు విషయాల మీదే అందరి ప్రాణాలూ ఆధారపడి ఉంటాయి.

ఇంట్లో సిలిండర్ తీసుకెళ్తే ఏమవుతుంది?

ఇంటికి ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను ఇంటి వంటకు తప్ప వేరే పనులకు వాడకూడదని 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. ఇది నిత్యావసర వస్తువుల చట్టం కింద వచ్చిన ఉత్తర్వు. ‘మేం మా ఇంటివాళ్లకే వండుకుంటున్నాం, వ్యాపారం కాదు కదా’ అని అనొచ్చు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కానీ తలకింత అని డబ్బు తీసుకుని, టిఫిన్, భోజనం మావే అని చెప్పి యాత్రలకు తిప్పే నిర్వాహకులు ఇంటి సిలిండర్ వాడితే అది వ్యాపార వినియోగమే. బండి ఎక్కే ముందు ఆ ప్రశ్న అడిగే హక్కు ప్రయాణికులకు ఉంది.

అసలు చిక్కు బీమా దగ్గర వస్తుంది. గ్యాస్ వినియోగదారుల కోసం చమురు కంపెనీలు తీసుకునే బీమా కింద, ప్రమాదానికి ఎల్‌పీజీయే మూలకారణమైతే, మరణానికి ఒక్కొక్కరికి రూ.6 లక్షలు, వైద్యానికి ఒక్కొక్కరికి రూ.2 లక్షల వరకు (ఒక ఘటనకు మొత్తం రూ.30 లక్షలకు మించకుండా), ఆస్తి నష్టానికి రూ.2 లక్షల వరకు పరిహారం ఉంది. ఈ ఆస్తి నష్టం మాత్రం కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగితేనే లెక్కలోకి వస్తుంది. హైవే పక్కన బండి కాలిపోతే అది మీ చిరునామా కాదు.

బరువు సంగతి కూడా చూడాలి. నిండు సిలిండర్ ఇనుముతో కలిపి దాదాపు 30 కిలోలు. డ్రైవర్ ఒక్కసారి గట్టిగా బ్రేక్ వేస్తే కట్టకుండా వదిలేసిన ఆ బరువు సీట్ల మధ్యకు దొర్లుకొస్తుంది.

మరి ఏది కొనాలి?

దారి కోసమైతే 5 కిలోల ‘ఫ్రీ ట్రేడ్’ సిలిండర్ సరిపోతుంది. ఇండియన్ ఆయిల్ దీన్ని ‘ఛోటూ’ పేరుతో అమ్ముతోంది. మిగతా రెండు ప్రభుత్వ కంపెనీల దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. గ్యాస్ కనెక్షన్ అక్కర్లేదు, చిరునామా రుజువు అడగరు, ఏదైనా ఒక గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. గ్యాస్ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో దొరుకుతుంది. అయిపోతే దారిలో అదే కంపెనీ అమ్మే చోట ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవచ్చు. సబ్సిడీ ఉండదు, ధర మార్కెట్‌ను బట్టి మారుతుంటుంది కాబట్టి కిలో లెక్కన ఇంటి గ్యాస్ కంటే ఖరీదే. రెగ్యులేటర్ కూడా అక్కడే తీసుకుని, వాళ్ల ఎదుటే బిగించి చూసుకోండి.

తీసుకునేటప్పుడు సిలిండర్ మెడ దగ్గర పట్టీల లోపలి వైపు చూడండి. ఒక అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ‘ఏ’ అంటే జనవరి-మార్చి, ‘బీ’ ఏప్రిల్-జూన్, ‘సీ’ జులై-సెప్టెంబర్, ‘డీ’ అక్టోబర్-డిసెంబర్. ‘బీ-28’ అని ఉంటే 2028 జూన్ లోపు ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాలని అర్థం. గడువు దాటినదాన్ని తీసుకోవద్దు. ఖాళీ సిలిండర్ బరువు కూడా దాని మీదే రాసి ఉంటుంది. ఆ అంకెకు 5 కలిపితే తూకంలో ఎంత రావాలో తెలుస్తుంది.

బజారులో ఈ ముద్రలేవీ లేని చిన్న సిలిండర్లు, నెత్తిన బర్నర్ బిగించినవి, చవకగా దొరుకుతాయి. చాలామంది పిక్నిక్‌లకు వాడేది వీటినే. వీటిని నింపేది పెద్ద సిలిండర్‌ను తలకిందులు చేసి పైపుతో గ్యాస్ ఎక్కించే దుకాణాల్లో. ఒక సిలిండర్ నుంచి మరోదానిలోకి ఇలా ఎక్కించడం నిషేధం. అది కేవలం కాగితం మీద నేరం కాదు. కంపెనీ ప్లాంటులో సిలిండర్‌ను తూకం ప్రకారం నింపుతారు, లోపల గ్యాస్ వ్యాకోచించడానికి కొంత చోటు వదులుతారు. దుకాణంలో కళ్లతో అంచనా వేసి అంచుదాకా నింపినది మే నెల ఎండలో డిక్కీలో ఉంటే, లోపలి ద్రవం సాగడానికి చోటు ఉండదు. ఈ సిలిండర్ల విషయంలో రాజీకి తావు లేదు. ఉంటే వదిలించుకోండి.

ఇక డియోడరెంట్ డబ్బాలా ఉండే బ్యూటేన్ డబ్బాతో నడిచే బ్రీఫ్‌కేసు పొయ్యి. ఇద్దరు ముగ్గురికి టీ, నూడుల్స్, ఆమ్లెట్ వరకు బాగుంటుంది. ఒక డబ్బాలో ఉండేది దాదాపు 220 గ్రాములే. దీని ప్రమాదం మాత్రం చాలామందికి తెలియదు. డబ్బా పొయ్యి పక్కనే, మూత కింద ఉంటుంది. దాని మీదకు వచ్చేంత పెద్ద పెనం పెడితే వేడి కిందికి కొట్టి డబ్బా కాగుతుంది, పేలుతుంది. దోసెల పెనం, బిర్యానీ గిన్నె దీని మీద పెట్టకూడదు. ఖాళీ డబ్బాలో మళ్లీ గ్యాస్ నింపించకూడదు.

గ్రిల్ అవసరమా?

మాంసం, చేపలు, పనీర్ కాల్చుకునే సరదా ఉంటే సరే. పులిహోర, ఉప్మా, చారన్నం వండుకునే బృందానికి మాత్రం గ్రిల్ దండగ. ఐఎస్‌ఐ ముద్ర, ఐఎస్ 4246 అని రాసి ఉన్న రెండు బర్నర్ల స్టవ్, ఒక మందపాటి ఇనుప పెనం ఉంటే కాల్చడం, వేయించడం రెండూ అయిపోతాయి. గ్రిల్ కొనాలనుకుంటే అది ఎల్‌పీజీకి తయారైందా, మన రెగ్యులేటర్ ఇచ్చే పీడనానికి సరిపోతుందా అని ముందు చూడాలి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిచ్చే గ్రిల్స్‌తో వచ్చే ఇబ్బంది ఇదే. అక్కడి సిలిండర్ మూతి వేరు, రెగ్యులేటర్ వేరు. ఇక్కడ అతుకులు వేసి బిగిస్తే లీకేజీ మొదలయ్యేది ఆ అతుకు దగ్గరే.

గ్యాస్ ఎంత కావాలో లెక్క తేలికే. 2 కిలోవాట్ల బర్నర్ పూర్తి మంట మీద గంటకు సుమారు 155 గ్రాములు తాగుతుంది. అంటే 5 కిలోల సిలిండర్ ఒక బర్నర్ మీద 30 గంటల పైనే వస్తుంది. 3 కిలోవాట్ల గ్రిల్ అయితే 20 గంటలు దాటుతుంది. పది మంది వారం రోజుల యాత్రకు, రోజుకు రెండు పూటల వంటకు, ఒక సిలిండర్ దాదాపు సరిపోతుంది. బ్యూటేన్ డబ్బా పూర్తి మంట మీద గంటన్నర కూడా రాదు.

పైపు విషయంలో పొదుపు వద్దు. లోపల తీగ అల్లిక ఉన్న ‘సురక్ష’ గొట్టం వాడండి. దాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. దారి కుదుపులకు, ఎండకు గురయ్యే గొట్టాన్ని ఏటా ఒకసారి వంచి చూసి, పగుళ్లు కనిపిస్తే గడువుతో పని లేకుండా పారేయాలి.

బండి లోపల ఎందుకు వెలిగించకూడదు?

ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి లేచి కిటికీలోంచి పోదు, నీళ్లలా కిందికి జారి సీట్ల కింద, సామాను సందుల్లో పేరుకుంటుంది. గాలిలో దాదాపు 2 శాతం ఉంటే చాలు, ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది.

టెంపో ట్రావెలర్ లోపలి చోటు సుమారు 12 ఘనపు మీటర్లు అనుకుందాం. అందులో 2 శాతం అంటే పావు ఘనపు మీటరుకు కాస్త తక్కువ. అంత గ్యాస్ తూకంలో అర కిలో. అంటే 5 కిలోల సిలిండర్‌లో పదో వంతు లీకైతే బండి మొత్తం అంటుకునే స్థితికి వస్తుంది. నిజానికి గ్యాస్ బండంతా సమంగా పరుచుకోదు, నేల మీదే ఉంటుంది కాబట్టి అంతకంటే చాలా తక్కువే చాలు. ఏసీ వేసుకుని, అద్దాలు మూసుకుని, పది మంది నిద్రపోతున్న బండిలో ఆ వాసన ఎవరు పసిగడతారు? పసిగట్టినా ఎవరో ఒకరు ముందు చేసే పని లైటు స్విచ్ వేయడం.

లీకేజీ లేకపోయినా మూసిన బండిలో మంట ప్రమాదమే. గాలి చాలనప్పుడు మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. చలికి టెంటులో, బండిలో స్టవ్ వెలిగించుకుని పడుకుంటే నిద్రలోనే ప్రాణం పోతుంది.

అందువల్ల వంట ఎప్పుడూ బయటే. బండి ఆపి, సిలిండర్ దించి, నేల మీద నిలువుగా పెట్టి, బండికి కొన్ని అడుగుల దూరంలో, గాలి వాటం చూసుకుని వెలిగించాలి. వర్షం వస్తుందని పొయ్యిని డోరు దగ్గరికి జరపడం చాలామంది చేసే పని. అప్పుడు బిస్కెట్లతో సర్దుకోవడమే మేలు. ప్రయాణంలో రెగ్యులేటర్ తీసేసి, భద్రతా మూత పెట్టి, సిలిండర్ కదలకుండా నిలువుగా కట్టాలి. బైకు మీద సిలిండర్ తీసుకెళ్లడాన్ని 2016 గ్యాస్ సిలిండర్ నిబంధనలు అసలే ఒప్పుకోవు.

అద్దె కారవాన్‌లో వంటగది లోపలే ఉంటుంది కదా అంటే, సిలిండర్ ఎక్కడ పెట్టారో అడగండి. గదికి సంబంధం లేకుండా వేరే అరలో, బయటికి తెరుచుకునే తలుపుతో, అడుగున గాలి పోయే రంధ్రాలతో ఉండాలి. గ్యాస్ పసిగట్టే అలారం నేలకు దగ్గరగా ఉండాలి, పైకప్పుకు కాదు. వంట చేసేటప్పుడు కిటికీలు తెరవాలి. ఈ ఏర్పాట్లు లేకుండా సింక్ కింద సిలిండర్ కనిపిస్తే ఆ బండి వద్దు. కరెంటు దొరికే చోట రాత్రి ఆగేలా ప్రయాణం వేసుకుంటే ఇండక్షన్ పొయ్యి అన్నిటికంటే సుఖం.

రైలు, విమానం, అడవి

రైల్లో సిలిండర్, పొయ్యి ఏ రూపంలోనూ కుదరవు. ప్రమాదకరమైన వస్తువులు వెంట తెస్తే రైల్వే చట్టం 1989లోని 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిగిన నష్టాన్నీ రాబడతారు. బోగీ మొత్తం మీరే బుక్ చేసుకున్నా ఈ నిబంధన మారదు, మదురైలో కాలింది అలాంటి బోగీయే. విమానంలో చేతి సంచీలో గానీ, చెక్-ఇన్ సామానులో గానీ గ్యాస్ సిలిండర్లను, బ్యూటేన్ డబ్బాలను అనుమతించరు.

శ్రీశైలం వెళ్లే దారి నల్లమల పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా మంట వెలిగించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వేసవిలో ఎండుటాకుల మధ్య స్టవ్ కూడా ఆ కిందికే వస్తుందనుకుని, వంట అడవి దాటాకే పెట్టుకోండి.

చార్‌ధామ్ వెళ్లేవారికి ఇంకో సంగతి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది, డబ్బా నిండుగా ఉన్నా పొయ్యి వెలగదు. అలాగని డబ్బాను మంట దగ్గర వెచ్చబెట్టకూడదు. బద్రీనాథ్ 3,100 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో అన్నం ఎంతకీ ఉడకదు. కుక్కర్ తీసుకెళ్లండి, గ్యాస్ కొంచెం ఎక్కువే లెక్కేసుకోండి.

వాసన వస్తే?

బిగించిన ప్రతిసారీ సబ్బు నురగ రాసి చూడండి, బుడగలు వస్తే లీకు. అగ్గిపుల్లతో పరీక్షించే అలవాటు ఇంకా కొందరికి ఉంది, మానుకోవాలి. బండిలో గ్యాస్ వాసన వస్తే ఆపి, స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులన్నీ తెరిచి, మనుషుల్ని దించి దూరంగా పంపండి. వీలైతే సిలిండర్‌ను కూడా ఆరుబయట ఖాళీ చోటికి తీసుకెళ్లి, రెగ్యులేటర్ తీసి మూత పెట్టండి. ఫోన్ బండికి దూరంగా వచ్చాకే చేయండి. ఎల్‌పీజీ లీకేజీల కోసం దేశమంతటా 24 గంటలూ పనిచేసే నంబర్ 1906. మంటలు అంటుకుంటే 101 లేదా 112. ఏ జిల్లాలో, ఏ హైవే మీద, ఏ కిలోమీటరు రాయి దగ్గర ఉన్నారో ముందు చెప్పండి.