వానలో తెరిచి ఉన్న తలుపు

మెలితే ద్వీపంలో ఆ ఉదయం ఒకటే వాన, చలి. ఓడ బద్దలై 276 మంది ఎలాగోలా ఒడ్డుకు చేరారు. వారిలో ఖైదీగా రోమాకు వెళుతున్న అపొస్తలుడైన పౌలు కూడా ఉన్నాడు. వచ్చినవాళ్లు దొంగలా, దొరలా అని ద్వీపవాసులు ఆరా తీయలేదు. చలికి వణుకుతున్నారని నిప్పు రాజేసి అందరినీ దగ్గరకు తీసుకున్నారు (అపొ.కా. 28:2). పౌలు అక్కడ మూడు నెలలు ఉన్నాడు. పొప్లి తండ్రి జ్వరం నయమైంది, ద్వీపంలోని రోగులు స్వస్థత పొందారు. పౌలు ప్రయాణంలో మెలితే లేదు, దేవుని సంకల్పంలో ఉంది.

కొన్నేళ్ల క్రితం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఒక ముసురు రోజు మాకు ఈ సంగతి గుర్తుకొచ్చింది. అమ్మ, పిల్లలతో కలిసి ఊరు చూడడానికి ఉన్నది ఆ ఒక్క రోజే. సముద్రపుటొడ్డున 1913లో నిలిపిన జలకన్య కంచు విగ్రహం, 1843లో తెరిచిన టివోలి ఉద్యానవనం, కాలువల్లో పడవ షికారు... చీటీలో రాసుకున్నవన్నీ ఆరుబయటివే! మధ్యాహ్నానికి గొడుగులు గాలికి తిరగబడ్డాయి, పిల్లల బూట్లలోకి నీళ్లు చేరాయి. ఖర్చు తలచుకుంటే ప్రాణం ఉసూరుమంది. తల దాచుకునే చోటు కోసం చూస్తుంటే పెద్ద పెద్ద స్తంభాల వెనుక ఒక ఆలయం తలుపు తెరిచి కనిపించింది. అది ఆ నగరపు లూథరన్ కెథడ్రల్. టికెట్ లేదు, ఎవరని అడిగినవారూ లేరు.

లోపల ఎదురుగా మూడు మీటర్లకు పైగా ఎత్తున్న పాలరాతి క్రీస్తు. శిల్పి బెర్టెల్ థోర్వాల్డ్‌సెన్ (1770-1844). తల కొంచెం వంచి, రెండు చేతులూ చాచి ఉంటాడు ప్రభువు. భారం మోసేవారిని తన దగ్గరకు పిలిచిన ఆయన మాట (మత్తయి 11:28) పీఠం మీద చెక్కి ఉంది. ఇరువైపులా 12 మంది అపొస్తలులు. యూదా ఇస్కరియోతు స్థానంలో పౌలు నిలబడి ఉన్నాడు. మెలితేలో తడిసిన ఆ పౌలే! అమ్మ ముందు బల్ల మీద కూర్చుని చాలాసేపు చూసి, ‘తడిసినోళ్లనే రమ్మంటున్నట్టుంది కదరా’ అంది.

ఆ ఆలయం కూడా కష్టకాలం చూసిందే. 1807లో బ్రిటిష్ సేనలు కురిపించిన నిప్పుల వానలో అది కాలిపోయింది. మళ్లీ కట్టి 1829లో ప్రతిష్ఠించారు. మనం చూసే క్రీస్తు శిల్పం ఆ తర్వాత వచ్చిందే.

ఆ దేశానికీ మన తెలుగు బైబిలుకూ చుట్టరికం ఉంది. డెన్మార్క్ రాజు పంపిన జీగెన్‌బాల్గ్ 1706లో తరంగంబాడిలో అడుగుపెట్టాడు. ఆ మిషన్‌కు చెందిన బెంజమిన్ షూల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని లేఖనాలను మన భాషలోకి అనువదించాడు. ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలో మిషనరీలకు చోటివ్వని రోజుల్లో విలియం కేరీ, ఆయన సహచరులకు ఆశ్రయమిచ్చింది బెంగాల్‌లోని డేనిష్ స్థావరం శ్రీరాంపూర్. 1800లో కేరీ అక్కడికి చేరాడు. తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయింది ఆ ఊళ్లోనే. ఒకరు తలుపు మూస్తే మరొకరు తెరిచారు. తెరిచిన ఆ తలుపులోంచే వాక్యం మన ఇళ్లకు వచ్చింది.

అనుకున్నది చెడిపోయినప్పుడు సణుగుకోవడం తేలిక. దేవుడు మనల్ని ఏ గుమ్మం దగ్గరకు నడిపిస్తున్నాడో చూడడానికి విశ్వాసం కావాలి. అయితే ప్రశ్న అక్కడితో ఆగదు. ఉద్యోగం పోయినవాడు, ఇంట్లో ఆదరణ లేని స్త్రీ, పరీక్ష తప్పిన కుర్రాడు కూడా వానలో తడుస్తున్నవారే. ఆదివారం మన సంఘంలోకి వారు వస్తే ముందు ఊరు, కులం, హోదా అడుగుతున్నామా, నిప్పు రాజేస్తున్నామా? మెలితే వాసులు అప్పటికి సువార్త విననివారు. విన్న మనం వారికన్నా వెనుకబడకూడదు. ప్రభువు చేతులు చాచే ఉన్నాయి, ఆయన ఇంటి తలుపు మూయకుండా ఉంచడమే మన పని.