తిరగవేసిన తరగతి

పాఠము బడిలో, లెక్కలు ఇంటిలో: ఇది తరతరములుగా మన విద్యాశాలలందు సాగివచ్చిన ఆచారము. ఉపాధ్యాయిని నల్లబల్లయొద్ద నిలిచి నలువది నిమిషములు బోధించును. బాలికలు వినుదురు, వ్రాసికొందురు, గంట మ్రోగును. తెలిసినదో తెలియనిదో బయల్పడునది సాయంకాలమున, ఇంటియొద్ద లెక్కకు ఒంటరిగా కూర్చున్నప్పుడే. తల్లిదండ్రులు చదువుకొన్నవారైనచో దగ్గఱ కూర్చుండి చెప్పుదురు. కలిగినవారైనచో ట్యూషనుకు పంపుదురు. ఆ రెండును లేని యింటి బిడ్డ మఱునాడు ప్రక్కపిల్ల పుస్తకము చూచి వ్రాసికొనును. వినుట యను సులభమైన పని గురువు ఎదుట జరుగుచున్నది. ఆలోచించుట యను కష్టమైన పని గురువు లేనిచోట జరుగుచున్నది. ఈ క్రమమును తలక్రిందులు చేయు పద్ధతికే 'ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్' అని పేరు. దీనిని మనము 'తిరగవేసిన తరగతి' అని పిలుచుకొందము.

దీని నడక యిట్టిది. రేపటి పాఠములోని ముఖ్యవిషయమును ఉపాధ్యాయిని ఐదు మొదలు పది నిమిషములలో చెప్పి, సెల్‌ఫోనుతో చిత్రించి పంపును. లేదా ఒక పుటలో వ్రాసి యిచ్చును. బాలిక దానిని ఇంటియొద్ద చూచును. తెలియనిచోట ఆపును, మరల చూచును. నలుగురిలో మరల చెప్పుడని యడుగుటకు సిగ్గుపడు పిల్లకు ఇది గొప్ప యూరట. మఱునాడు బడిలో ఉపన్యాసముండదు. లెక్కలు, ప్రయోగములు, చర్చలు ఉండును. ఉపాధ్యాయిని బల్లల నడుమ తిరుగుచు, చిక్కుపడినవారియొద్ద నిలుచును.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఉడ్‌లాండ్ పార్క్ అను ఊరిలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అను ఇరువురు రసాయనశాస్త్రోపాధ్యాయులుండిరి. ఆటలపోటీలకై దూరము పోయి పాఠములు కోల్పోవు విద్యార్థులకొఱకు వారు 2007లో తమ పాఠములను చిత్రింప నారంభించిరి. ఉపన్యాసమునే ఇంటికి పంపినచో తరగతిగంట అంతయు పిల్లలకు సాయపడుటకే మిగులునుగదా యని వారికి తోచెను. 2012లో వెలువడిన వారి పుస్తకము ఈ పద్ధతిని దేశదేశములకు చేర్చెను. అంతకు ముందే, 1991లో, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎరిక్ మజూర్ అను భౌతికశాస్త్రాచార్యుడు ఇట్టి మార్గమునే త్రొక్కెను. తన విద్యార్థులు సూత్రముల సాయమున పెద్దలెక్కలు చేయుచున్నను, చిన్నప్రశ్నకు కారణము చెప్పలేకుండుట ఆయన గమనించెను. అప్పటినుండి, పాఠమును ముందుగా చదివి రండని చెప్పి, తరగతిలో ఒక ప్రశ్న వేసి, ప్రక్కవారితో వాదించి తేల్చుకొనుడని నియమించెను.

ఇంత సులువైన దానికి ఉపాధ్యాయులకు ప్రత్యేకశిక్షణ యేలయని కొందఱడుగవచ్చును. చిత్రము తీయుట నేర్చుకొనుటకు ఒక పూట చాలును. కష్టమంతయు మఱునాటి గంటలోనున్నది. ఉపన్యాసము తీసివేయగా ఖాళీపడిన నలువది నిమిషములలో ఏమి చేయవలెనో తెలియని ఉపాధ్యాయిని, పాత పాఠమునే మరల చెప్పును. అప్పుడు చూచి వచ్చిన పిల్ల విసుగుచెందును. చూడని పిల్ల ఇక నెన్నడును చూడదు. కావున మంచి శిక్షణాశిబిరములు యంత్రములకంటె ఈ గంటపైననే దృష్టి నిలుపును. పాఠము చూచివచ్చిరో లేదో రెండు చిన్నప్రశ్నలతో తెలిసికొనుట, తెలిసినవారిని తెలియనివారితో జతపఱచుట, జవాబు చెప్పివేయక ప్రశ్నలతో దారి చూపుట, చూడని పిల్లను నిందింపక తరగతి మూలనే ఆ పాఠము చూపుట — ఇవి అభ్యాసమువలననే అలవడును.

ఒక్క యుదాహరణము చూతము. అరను పావుతో భాగింపగా ఎంత? రెండవ భిన్నమును తిరగవేసి గుణింపవలెనని పిల్లలు బట్టీపట్టి, రెండని జవాబు వ్రాయుదురు. 'భాగించినచో తగ్గవలెనుగదా, అర రెండెట్లాయెను?' అని యడిగినచో నూఱకుందురు. నేర్పుగల ఉపాధ్యాయిని సూత్రమును ఇంటిపాఠములో నుంచి, తరగతిలో అర లీటరు నీటిని, పావు లీటరు గ్లాసులను ముందుంచును. ఎన్ని గ్లాసులు నిండునో పిల్లలే పోసి చూతురు. భాగహారమనగా తగ్గించుట కాదనియు, ఇందులో అవి యెన్ని యిముడునని యడుగుటయే యనియు వారికి స్ఫురించును. ఈ మాట ప్రతి యింటి వంటయింటిలోను నిత్యము జరుగుచున్నదే!

మన దేశమున 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయుడును ఏటేట కనీసము 50 గంటలు వృత్తిశిక్షణ పొందవలెనని నిర్దేశించినది. 2019 ఆగస్టులో ఆరంభమైన 'నిష్ఠ' పథకము సుమారు 42 లక్షలమంది ప్రాథమికస్థాయి ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు శిక్షణ నీయ నుద్దేశింపబడినది. 2020లో కరోనా వ్యాధి ప్రబలగా అది 'దీక్ష' వేదికద్వారా ఇంటినుండియే సాగెను. ఇట్టి శిక్షణలందు గమనింపవలసిన సూత్రమొకటి కలదు. ఉపన్యాసము మానుడని మూడుగంటల ఉపన్యాసమిచ్చిన ప్రయోజనము లేదు. శిక్షణయే తిరగవేసినదై, విషయమును ఉపాధ్యాయులు ముందే ఇంటియొద్ద చూచివచ్చి, శిబిరములో పాఠములను స్వయముగా రచించి, ఒకరి యెదుట నొకరు బోధించి దిద్దుకొనవలెను. తాము విద్యార్థులై అనుభవించినదే వారు తరగతిలో నాచరింపగలరు.

ఉపాధ్యాయినులలో అనేకులు గృహిణులు. వంటయు, పిల్లల పనియు ముగిసినపిమ్మట రాత్రి పదిగంటలకు పాఠము చిత్రింప కూర్చుండుట ఎంత భారమో చెప్పనక్కఱలేదు. కావున అన్ని పాఠములను తిరగవేయ బూనుకొనక, నెల కొక్కటితో మొదలిడుట మేలు. ఒకే విషయము బోధించువారు పాఠములు పంచుకొని చేసినచో శ్రమ తగ్గును. దీక్షలో నున్న పాఠములను వాడుకొనుటయు తప్పుకాదు. మఱునాటి గంటయే ముఖ్యము.

ఇక నన్నిటికంటె ముఖ్యమైన విషయము మన యిండ్లకు సంబంధించినది. పాఠము ఇంటికి వచ్చినది సరే. దానిని చూచుటకు ఫోనెవరి చేతిలో నున్నది? తెలంగాణములో 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి టెలివిజనులో పాఠములు ప్రసారము చేసిరి. ఆంధ్రప్రదేశమున 2022 డిసెంబరులో ప్రభుత్వబడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచిరి. పరికరమున్నను, తీరిక లేనిదే చదువు సాగదు. ఒక్క ఫోను గల యింటిలో అది తొలుత తండ్రిది, పిదప కొడుకుది. అంట్లుతోమి, నీళ్లుపట్టి, తమ్ముని నిద్రపుచ్చినపిదప కూతురి వంతు వచ్చునప్పటికి చార్జి యుండదు. పాఠము చూడని యా పిల్ల మఱునాడు తరగతిలో వెనుకబడును. చదువు రాదను పేరు పడును. బీదబిడ్డకు మేలు చేయవలసిన పద్ధతియే ఆమెకు క్రొత్త యడ్డుగోడ యగును. అందువలన, ఎవరి యింట ఫోనున్నది, ఎవరికి తీరికయున్నది అని ముందుగా తెలిసికొని, లేనివారికి అచ్చుకాగితమో, బడిలోనే చూచు నవకాశమో కల్పించుట శిక్షణలో మొదటి పాఠము కావలెను.

తల్లులమైన మనము చేయదగినది స్వల్పము. రోజుకు పావుగంట ఫోనును, పనిలేని పావుగంటను కూతురికి కేటాయింతము. కొడుకుతోపాటు ఆమెకును వంతు ఏర్పఱతము. పాఠము మనకు తెలియనక్కఱలేదు. చూచినపిమ్మట 'ఏమి చెప్పిరమ్మా? ఏది తెలియలేదు?' అని యడిగిన చాలును. తెలియనిదానిని ఒక కాగితముపై వ్రాసికొని బడికి పోయిన పిల్లకు ఆ గంట వ్యర్థముకాదు. వీలైనచో ప్రక్కన కూర్చుండి మనమును విందము. ఐదవతరగతితో బడి మానిన తల్లికి ఆరవతరగతి పాఠము తన యింటికే వచ్చుచున్నది. దాని నేల విడువవలెను?