చిన్న పెట్టె తెరుచుకుంటే ప్రోగ్రామ్ ఆగినట్టేనా?

ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో ఒక డీటీపీ షాపులో, విండోస్ కంప్యూటర్ తెర మీద ‘సేవ్ చెయ్యాలా?’ అనే పెట్టె వచ్చిందనుకోండి. వెనకున్న పెళ్లిపత్రిక ఎంత నొక్కినా పలకదు. అయినా ప్రోగ్రామ్ ఆగలేదు. సందేశాలు తీసుకోకుండా 5 సెకన్లు దాటిన ప్రోగ్రామ్‌కు విండోస్ ‘నాట్ రెస్పాండింగ్’ ముద్ర వేస్తుంది. ఈ పెట్టె గంటసేపున్నా ఆ ముద్ర పడదు. మీట నొక్కినా మౌస్ కదిలినా అదొక సందేశమై వరసలో నిలుస్తుంది. పెట్టె ఉన్నంతసేపూ వాటిని ఒక్కొక్కటే తీసి అందించేది పెట్టె తాలూకు సొంత లూపే. మరి పత్రిక ఎందుకు పలకదంటారా? దానికి నొక్కులు అందకుండా మాత్రమే ఆపారు. ‘మళ్లీ గీసుకో’ లాంటి సందేశాలు వెళ్తూనే ఉంటాయి. ‘ఇక ముగించు’ అనే సందేశం పెట్టె తాలూకు ఈ చిన్న లూపుకు చిక్కితే, అది దాన్ని తిరిగి వరసలో పెట్టాలి. లేకుంటే ప్రోగ్రామ్ తాలూకు పెద్ద లూపుకు ఆ కబురే అందదు.