మంచు ఖండంలో మురుగు: అంటార్కిటికా జలకాలుష్యం

గత భాగంలో నదీజలాల స్వయంశుద్ధి గురించి చదివారు. పట్టణం వదిలిన మురుగు నదిలో కలిసిన చోట నీరు చెడుతుంది. దిగువకు పోయేకొద్దీ బాక్టీరియా సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేస్తాయి, గాలిలోని ఆక్సిజన్ మళ్లీ నీటిలో కరుగుతుంది, మురుగు మోతాదు మించకపోతే నది కొంత మేరకు తేరుకుంటుంది. ఈ భాగంలో ఆ తేరుకునే శక్తి చాలా తక్కువగా ఉన్న ఒక ప్రాంతాన్ని పరిశీలిద్దాం.

జనావాసాలకు ఎంత దూరంగా ఉంటే నీరు అంత శుభ్రంగా ఉంటుందని అనుకుంటాం. అది చాలావరకు నిజమే. అయితే నీరు శుభ్రంగా ఉండటం వేరు, కాలుష్యాన్ని తట్టుకోగలగటం వేరు. మారుమూల ప్రాంతాల నీటికి మొదటి గుణం ఉంటుంది, రెండోది తరచుగా ఉండదు. ఈ తేడాను మనసులో ఉంచుకుని మిగతా పాఠం చదవండి.

అంటార్కిటికా వైశాల్యం సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. భూమిపై ఉన్న మంచినీటిలో దాదాపు 70 శాతం అక్కడే మంచు రూపంలో ఉంది. స్థిరనివాసులు ఎవరూ లేరు. వివిధ దేశాల పరిశోధన స్థావరాలలో వేసవిలో సుమారు 5,000 మంది, శీతాకాలంలో సుమారు 1,000 మంది ఉంటారు. మన మండల కేంద్రాలలో చాలావాటి జనాభా ఇంతకంటే ఎక్కువే. ఇంత తక్కువ మంది అంత పెద్ద ఖండాన్ని ఏం పాడు చేస్తారన్న ప్రశ్న విద్యార్థులు తప్పక అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

చలి చేసే పని

మొదటి విషయం, ఆ ఖండంలో 99 శాతానికి పైగా మంచు కప్పుకుని ఉంటుంది. మంచు లేని కొద్దిపాటి నేలలోనే, ముఖ్యంగా తీరం వెంబడి, పెంగ్విన్లు గుడ్లు పెడతాయి, నాచు మొలుస్తుంది, సరస్సులు ఏర్పడతాయి. స్థావరాలు ఎక్కువగా కట్టుకున్నదీ అక్కడే. కాబట్టి 5,000 మందిని ఖండం మొత్తం వైశాల్యానికి పంచి లెక్క వేయటం తప్పుదారి పట్టిస్తుంది.

రెండో విషయం ఉష్ణోగ్రత. బి.ఓ.డి. పరీక్ష మీకు గుర్తుండే ఉంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం నీటి నమూనాను 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 రోజులు ఉంచి, బాక్టీరియా ఎంత ఆక్సిజన్ వాడుకున్నాయో కొలుస్తాం. అంటార్కిటికాలోని మెక్‌మర్డో జలసంధిలో సముద్రపు నీటి ఉష్ణోగ్రత ఏడాదిలో ఎక్కువ కాలం మైనస్ 1.9 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే జీవరసాయన చర్యల వేగం సుమారు సగానికి పడిపోతుందన్నది ఒక స్థూల సూత్రం. ఇక్కడ తేడా దాదాపు 29 డిగ్రీలు, అంటే సుమారు మూడుసార్లు సగం కావాలి. వేగం ఎనిమిదో వంతుకు దిగుతుంది. మన దగ్గర 3 రోజుల్లో అయ్యే పనికి అక్కడ 24 రోజులు పడుతుందన్నమాట. చలికి అలవాటుపడిన సూక్ష్మజీవులు అక్కడ ఉన్నాయి గనుక ఈ లెక్క అచ్చంగా సరిపోదు, విషయం అర్థం చేసుకోవటానికి మాత్రం చాలు.

కాంతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు మురుగులోని వ్యాధికారక జీవులను చంపుతాయి. ధ్రువప్రాంతంలో శీతాకాలమంతా సూర్యుడు కనిపించడు, పైగా సముద్రం మీద మంచు మూత పడి ఉంటుంది. మనిషి పేగులలో ఉండే బాక్టీరియా అటువంటి చల్లని, చీకటి నీటిలో చాలాకాలం బతికి ఉండగలవు.

వింటర్ క్వార్టర్స్ ఖాతం

ఈ సూత్రాలన్నీ ఒకేచోట కనిపించే ఉదాహరణ అమెరికా వారి మెక్‌మర్డో స్థావరం. 1955-56లో మొదలైన ఈ స్థావరం ఖండంలో అన్నిటికంటే పెద్దది, వేసవిలో సుమారు 1,000 మంది ఉంటారు. దాని ముంగిటనే వింటర్ క్వార్టర్స్ అనే చిన్న ఖాతం ఉంది. కెప్టెన్ స్కాట్ తన డిస్కవరీ ఓడను 1902లో శీతాకాలానికి నిలిపింది ఇక్కడే, ఆ పేరు అలా వచ్చింది.

స్థావరం ఏర్పడ్డాక దశాబ్దాలపాటు చెత్తను ఖాతం ఒడ్డున పోశారు, లేదా గడ్డకట్టిన సముద్రం మీదికి లాక్కెళ్లి వదిలేశారు. వేసవిలో మంచు విడిపోగానే పాత యంత్రాలు, డ్రమ్ములు, వాహనాల భాగాలు అడుగుకు దిగిపోయేవి. కంటికి కనిపించనిది లేనట్టే అన్నది ఆనాటి లెక్క. వీటితోపాటు కారిన ఇంధనమూ, విద్యుత్ పరికరాల నూనెలలో వాడే పి.సి.బి. రసాయనాలూ సముద్రగర్భంలోని బురదలో చేరాయి. 1980లలో శాస్త్రజ్ఞులు అడుగుభాగాన్ని పరిశీలించినప్పుడు, కొద్ది దూరంలోని శుభ్రమైన చోట్ల స్పాంజీలు, నక్షత్రచేపలు సమృద్ధిగా ఉంటే, ఖాతంలో కాలుష్యాన్ని ఓర్చుకునే కొద్ది రకాల పురుగులే మిగిలి ఉన్నాయి. చెత్త వేయటం ఆపిన తరువాత కూడా పరిస్థితి త్వరగా మారలేదు. కాలుష్యాన్ని బయటకు తీసుకుపోయే బలమైన ప్రవాహం ఆ ఖాతంలో లేదు, విచ్ఛిన్నం చేసే వెచ్చదనమూ లేదు.

దీన్ని ఒక ఓడ ప్రమాదంతో పోల్చి చూడండి. 1989 జనవరిలో అర్జెంటీనా ఓడ బహియా పరైసో అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర రాతికి తగిలి మునిగింది. సుమారు 6 లక్షల లీటర్ల ఇంధనం సముద్రంలో కలిసింది. పక్షులకు, ఒడ్డున రాళ్లను అంటిపెట్టుకుని ఉండే జీవులకు వెంటనే నష్టం జరిగింది. అయితే ఎక్కువ భాగం తేలికపాటి డీజిల్ కావటం వల్ల, అలలు, గాలి తాకే చోటు కావటం వల్ల చాలావరకు కొద్ది వారాల్లో ఆవిరై, చెదిరిపోయింది. వార్తల్లోకి ఎక్కింది ఈ ప్రమాదమే. నా అభిప్రాయంలో ఎక్కువ పాఠం నేర్పేది మాత్రం రోజుకు కొంచెంగా, ఎవరూ ప్రమాదం అనుకోకుండా పాడైన ఆ చిన్న ఖాతం.

మెక్‌మర్డో మురుగునీటి శుద్ధి కేంద్రం 2003లో పనిచేయటం మొదలుపెట్టింది. అంతకుముందు మలినాలను యంత్రంతో మెత్తగా చేసి సముద్రంలోకి వదిలేవారు. 1990ల మొదట్లో జరిగిన పరిశీలనల్లో ఆ మురుగు జాడలు స్థావరం తన తాగునీటి కోసం సముద్రజలం తోడుకునే చోట కూడా కనిపించాయి.

మైత్రి ముందున్న సరస్సు

మన దేశానికి సంబంధించిన ఉదాహరణ ఇంకా సున్నితమైనది. 1989 నుంచి పనిచేస్తున్న మైత్రి స్థావరం షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద ఉంది. సముద్రతీరం అక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. ఆ నేల మీద వందకు పైగా చిన్న సరస్సులున్నాయి. వాటిలో ప్రియదర్శిని సరస్సు స్థావరానికి తాగునీరు ఇస్తుంది.

ఒక గ్రామం తన మంచినీటి చెరువు గట్టు మీదే ఇళ్లు, జనరేటర్లు, డీజిల్ నిల్వలు పెట్టుకున్నట్టు ఊహించండి. ఆ చెరువు ఏడాదిలో చాలా నెలలు మంచు మూత కింద ఉంటుంది, వేసవిలో కరిగిన మంచునీరే దానికి ఆధారం. ఇటువంటి సరస్సులలో నైట్రోజన్, ఫాస్ఫరస్ పోషకాలు సహజంగానే అత్యల్పం. అడుగున పరుచుకున్న శైవలాల పొర ఆ పేదరికానికి అలవాటుపడి నెమ్మదిగా పెరుగుతుంది. బట్టలు ఉతికిన నీరో, వంటగది నీరో కొద్దిగా చేరినా పోషకాల నిష్పత్తి మారిపోతుంది. కారిన డీజిల్ నేలలో ఇంకి, ఏటా మంచు కరిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా నీటిలోకి దిగగలదు. అందుకే ఇటువంటి చోట వాడిన నీటిని శుద్ధి చేయటం, ఘన వ్యర్థాలను ఓడలో వెనక్కి తేవటం స్థావరం నడిపేవారికి తాగునీటి సమస్యే.

ఎవరూ అడుగు పెట్టకముందే

ఇంతవరకు చూసినది అక్కడికి వెళ్లిన మనుషుల వల్ల జరిగింది. వెళ్లనివారి వల్ల జరిగినదీ ఉంది. ఖండంలోని వివిధ చోట్ల తవ్వితీసిన మంచు స్తంభాలను విశ్లేషించి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పారిశ్రామిక సీసం అంటార్కిటికా మంచులో 1889 నుంచే కనిపిస్తుంది. ఆ తొలి సీసానికి ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనుల ఖనిజానికి ఉండే ఐసోటోప్ గుర్తు ఉంది. అముండ్‌సెన్ దక్షిణ ధ్రువం చేరింది 1911 డిసెంబరులో. మనిషి కంటే అతని పొగ 22 ఏళ్లు ముందే అక్కడికి చేరింది.

డి.డి.టి. ప్రయాణం వేరే రకం. వేడి ప్రాంతాల్లో ఆవిరై, గాలితో పోయి, చల్లని చోట తిరిగి నేలకు దిగుతుంది. కొవ్వులో కరిగే పదార్థం కావటంతో ఆహారగొలుసులో ఒక మెట్టు ఎక్కేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఒక్క పొలం కూడా లేని ఖండంలో, అడెలీ పెంగ్విన్ల శరీరాల్లో డి.డి.టి. అవశేషాలు 1960లలోనే బయటపడ్డాయి. తరువాత చాలా దేశాలు దాని వాడకాన్ని నిషేధించాయి, లేదా బాగా తగ్గించాయి. అయినా ఆ పెంగ్విన్లలో మోతాదు ఆశించినట్టు తగ్గలేదని 2008లో ఒక పరిశోధన తెలిపింది. దశాబ్దాల కిందట హిమానీనదాల్లో చిక్కుకున్న డి.డి.టి. ఇప్పుడు కరిగే నీటితో సముద్రంలోకి వస్తూ ఉండవచ్చని ఆ పరిశోధకులు వివరించారు. మంచు కాలుష్యాన్ని పోగొట్టదు, దాచిపెడుతుంది. వాతావరణం వేడెక్కుతున్న కాలంలో ఈ మాట బరువు ఎంతో మీరే ఆలోచించండి.

ప్లాస్టిక్ సంగతి క్లుప్తంగా. రాస్ ద్వీప ప్రాంతంలో 19 చోట్ల సేకరించిన తాజా మంచులో, ప్రతి నమూనాలోనూ సూక్ష్మప్లాస్టిక్ ఉందని 2022లో ప్రచురితమైంది. కరిగించిన నీటిలో లీటరుకు సగటున 29 కణాలు. స్థావరాల దగ్గర మారుమూల చోట్ల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ.

నిబంధనలు ఏమంటున్నాయి

1991లో మాడ్రిడ్‌లో కుదిరి, 1998లో అమలులోకి వచ్చిన పర్యావరణ పరిరక్షణ ఒప్పందం పరిస్థితిని నిజంగానే మార్చింది. బ్యాటరీలు, ఇంధన వ్యర్థాల వంటివాటిని ఖండం నుంచి తరలించాలి. పి.సి.బి.లను తీసుకుపోకూడదు. మంచు లేని నేల మీద, మంచినీటి వనరుల్లో వ్యర్థాలు వదలకూడదు. 2011 ఆగస్టు నుంచి 60 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన ఓడలు బరువైన ఇంధన నూనెను వాడటం, మోసుకెళ్లటం కూడా నిషిద్ధమైంది. మన పార్లమెంటు 2022లో అంటార్కిటిక్ చట్టాన్ని ఆమోదించింది.

అయితే మురుగు విషయంలో ఒప్పందం మెతకగా ఉంది. తీరంలోని స్థావరాలు నీరు త్వరగా కలిసి చెదిరిపోయే చోట మురుగును సముద్రంలోకి వదలవచ్చు. వేసవిలో వారపు సగటున సుమారు 30 మంది లేదా అంతకుమించి ఉంటే, కనీసం దాన్ని మెత్తగా చేయాలి. శుద్ధి తప్పనిసరి కాదు. మెత్తగా చేస్తే ముక్కలు చిన్నవవుతాయి, సేంద్రియ పదార్థం గానీ బాక్టీరియా గానీ తగ్గవు. 2009లో వెలువడిన ఒక సర్వే ప్రకారం శాశ్వత స్థావరాల్లో మూడో వంతుకు పైగా, వేసవి స్థావరాల్లో సగానికి పైగా ఎటువంటి శుద్ధీ లేకుండానే ఉన్నాయి. దక్షిణ ధ్రువంలోని స్థావరం తాగునీటి కోసం మంచులో కరిగించిన బావి పనికిరాకుండా పోయాక, అదే గోతిలోకి మురుగును పంపుతుంది. అక్కడి మంచు ఏటా సుమారు 10 మీటర్లు సముద్రం వైపు జరుగుతూ ఉంటుంది, దానితోపాటు గడ్డకట్టిన ఆ మురుగు కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక తీర స్థావరంలో వేసవిలో వారపు సగటున 25 మంది ఉంటారు. స్థావరం ఎదుట ప్రవాహం తక్కువగా ఉన్న చిన్న ఖాతం ఉంది. పైన చెప్పిన నిబంధనలలో ఏది ఈ స్థావరానికి వర్తిస్తుంది, ఏది వర్తించదు? నీటి ఉష్ణోగ్రత, ప్రవాహం, ఖాతం పరిమాణం ఆధారంగా, మురుగును ఎక్కడికి, ఎలా పంపాలని మీరు సూచిస్తారు? కారణాలతో 15 పంక్తులలో రాయండి.